ఉపవాస ప్రార్థన కోసం తమ్ముడి మాత్రలు ఆపాలా?

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను అమ్మా. నీ తమ్ముడికి 24 ఏళ్లు. రెండేళ్ల కింద వారం రోజులు నిద్రపోకుండా తిరిగి, అప్పు చేసి బైక్ కొని, వీధిలో అందరితో గొడవపడితే ఆసుపత్రిలో చేర్చారు. బైపోలార్ (మనసు ఒకసారి పట్టపగ్గాల్లేని హుషారులోకి, అంటే ఉన్మాదంలోకి, ఇంకోసారి కుంగుబాటులోకి వెళ్లే జబ్బు) అని చెప్పి లిథియం మాత్రలు మొదలుపెట్టారు. ఏడాదిన్నరగా బాగున్నాడు, ఉద్యోగానికి వెళ్తున్నాడు. ఇప్పుడు మీ సంఘంలో 21 రోజుల ఉపవాస ప్రార్థన మొదలవుతోంది. "మాత్రలు పక్కన పెట్టి విశ్వాసంతో రా, చివరి రోజు సాక్ష్యం చెబుదువుగాని" అన్నారట పాస్టర్ గారు, అంటే దేవుడు బాగుచేశాడని సంఘమంతటి ముందు చెప్పాలన్నమాట. అమ్మ సంతోషపడింది, తమ్ముడు సరేనన్నాడు. నువ్వు ఒక్కదానివే భయపడుతున్నావు. భయపడుతున్నందుకు నీకే విశ్వాసం తక్కువేమోనని మళ్లీ బాధపడుతున్నావు.

మాత్రలు ఆపవద్దు. మిగతాదంతా తర్వాత తీరిగ్గా చదువు, ఈ మాట మాత్రం ఈ రోజే ఇంట్లో చెప్పు. నీ భయం విశ్వాసలోపం కాదు. రెండేళ్ల కిందటి ఆ వారం నువ్వు కళ్లారా చూశావు, అది నీకు గుర్తుంది. అంతే.

నా గురించి రెండు మాటలు చెప్పాలి, లేకపోతే ఈవిడెవరు మా సంఘం సంగతి మాట్లాడటానికి అనిపిస్తుంది. మానసిక వైద్య విభాగంలో 31 ఏళ్లు నర్సుగా పనిచేసి రిటైర్ అయ్యాను. మాది గుంటూరు జిల్లాలో లూథరన్ కుటుంబం, మా నాన్న సంఘ పెద్ద. ఈ ఆదివారం కూడా గుడికి వెళ్లొచ్చాను. నేను డాక్టర్ని కాదు కాబట్టి మోతాదుల సంగతి మీ డాక్టర్ గారికే వదిలేస్తాను. కానీ మాత్ర మానేసిన తర్వాత ఏం జరుగుతుందో మంచం పక్కన నిలబడి చూసినదాన్ని. నా కూతురి వయసు ఉంటుందనిపించి 'నువ్వు' అంటున్నాను, ఏమీ అనుకోకు.

ముందు లిథియం గురించి. ఇది జ్వరం మాత్ర లాంటిది కాదు, ఒక రకమైన లవణం. రాళ్లలోనూ ఉప్పునీటిలోనూ దొరికే మూలకం నుంచి వస్తుంది. ఉన్మాద స్థితిలో ఉన్నవారికి ఇది పనిచేస్తుందని 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టర్ ప్రకటించాడు. అప్పట్నుంచి ఎన్ని కొత్త మందులు వచ్చినా దీని స్థానం దీనికి ఉంది. ఆత్మహత్య ప్రమాదాన్ని తగ్గిస్తాయని రుజువైన మందులు చాలా తక్కువ, వాటిలో ఇది ఒకటి. ఇబ్బంది ఎక్కడంటే, పనిచేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య దూరం చాలా కొంచెం. రక్తంలో లిథియం మామూలుగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్స్ మధ్య ఉండేలా చూస్తారు, 1.5 దాటితే ప్రమాదం. అందుకే చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం తీసి పరీక్ష చేయించమంటారు. మీ తమ్ముడికి కూడా చేయించే ఉంటారు, ఆ రిపోర్టు ఎక్కడుందో వెతికి పెట్టుకో.

ఇప్పుడు ఉపవాసం సంగతి. ఒంట్లో నీళ్లూ ఉప్పూ తగ్గినప్పుడు మూత్రపిండాలు ఉప్పును బయటకు పోనివ్వకుండా వెనక్కి లాక్కుంటాయి. లిథియంను కూడా ఉప్పులాగే పట్టుకుని వెనక్కి తీసుకుంటాయి. అంటే మాత్ర అదే అయినా రక్తంలో మందు పెరిగిపోతుంది. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, నడకలో తూలు, మాట ముద్దగా రావడం, మనిషి అయోమయంగా ఉండటం, ఇవన్నీ దాని గుర్తులు. ఇలా కనిపిస్తే తర్వాతి మాత్ర ఇవ్వకుండా అప్పటికప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, తెల్లారే దాకా ఆగకూడదు. ఉపవాసంలో తలనొప్పి వచ్చిందని ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర వేసుకుంటే ఇంకా ప్రమాదం, అవి కూడా లిథియంను పెంచుతాయి. మెడికల్ షాపులో అడగగానే ఇచ్చేసే మాత్రలు కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

కాబట్టి రెండువైపులా గొయ్యి ఉంది. మాత్ర వేసుకుంటూ నీళ్లు కూడా మానేసి కఠిన ఉపవాసం చేస్తే మందు విషమవుతుంది. ఉపవాసం కోసం మాత్ర ఆపేస్తే జబ్బు తిరగబడుతుంది. లిథియం హఠాత్తుగా ఆపినప్పుడు మొదటి కొన్ని వారాల్లోనే ఉన్మాదం తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. మామూలుగా నెలల తరబడి మెల్లగా తగ్గించాల్సిన మందును 21 రోజుల కోసం ఒక్క రోజులో ఆపడమంటే ఏమిటో ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది.

నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది ఆకలి కూడా కాదు, నిద్ర. 21 రోజుల కూటాలంటే శుక్రవారం రాత్రంతా ప్రార్థన ఉంటుంది, మిగతా రోజుల్లో తెల్లవారుజామున నాలుగింటి ప్రార్థన ఉంటుంది. నీకూ నాకూ ఒక రాత్రి నిద్ర లేకపోతే మర్నాడు కునుకుపాట్లు వస్తాయి, అంతే. బైపోలార్ ఉన్న మనిషికి ఒక్క రాత్రి నిద్ర లేకపోవడమే ఉన్మాదానికి తలుపు తీయవచ్చు. మొదట వచ్చేది నిద్ర తగ్గడమే. రెండు మూడు గంటలు పడుకుని, అలసట లేకుండా, ఎన్నడూ లేని హుషారుతో లేస్తాడు.

అది మందిరంలో జరిగితే ఏమవుతుందో చెప్తాను. 22 ఏళ్ల అబ్బాయి, డిగ్రీ అయిపోయింది. ఇలాగే మాత్రలు ఆపి ఉపవాస కూటాలకు వెళ్లాడు. ఐదో రోజుకు రాత్రంతా మోకాళ్ల మీద ఉండటం మొదలుపెట్టాడు. తొమ్మిదో రోజుకు అందరికంటే బిగ్గరగా ప్రార్థిస్తున్నాడు, ఏడుస్తున్నాడు, పెద్దల దగ్గరికి వెళ్లి దేవుడు మీకు ఈ మాట చెప్పమన్నాడని చెబుతున్నాడు. సంఘమంతా ఆత్మ బలంగా దిగిందని సంతోషించింది. పన్నెండో రోజు స్టేజీ మీద సాక్ష్యం చెప్పించారు. పదిహేడో రోజు కండువాతో చేతులు కట్టి జీపులో మా వార్డుకు తెచ్చారు. ఆ మధ్యలో పాస్టర్ గారినే కొట్టాడు, తండ్రి సంతకం పెట్టి పొలం కాగితాలు ఎవరికో ఇచ్చేశాడు. వాళ్లమ్మ నన్ను అడిగిన ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది. "అమ్మా, పన్నెండో రోజున మా వాడిలో ఉన్నది దేవుడా, జబ్బా?"

భక్తి పెరగడానికీ ఉన్మాదం మొదలవడానికీ తేడా ఎలా తెలుస్తుందని నువ్వు కూడా అడగవచ్చు. నేను చూసేవి ఇవి. నిద్ర ఎన్ని గంటలు? మాట వేగం పెరిగిందా, మధ్యలో ఆపితే కోపం వస్తోందా? డబ్బు మంచినీళ్లలా ఖర్చవుతోందా? తనకొక్కడికే ప్రత్యేకమైన పిలుపు ఉందనీ, మిగతావాళ్లంతా తనకు అడ్డొస్తున్నారనీ అంటున్నాడా? నిజంగా ప్రార్థనలో ఎదిగే మనిషి వినడం నేర్చుకుంటాడు, పడుకుంటాడు, మర్నాడు పనికి వెళ్తాడు. ఉన్మాదంలో ఉన్నవాడు ఎవరి మాటా వినే స్థితిలో ఉండడు. అది అతని తప్పు కాదు.

ఇక నువ్వు అసలు అడిగిన ప్రశ్న. మందు వాడటం విశ్వాసలోపమా?

నా వరకు దీనికి జవాబు బైబిల్లోనే ఉంది. హిజ్కియా రాజు మరణకరమైన జబ్బుతో మంచం పట్టి గోడవైపు తిరిగి ఏడ్చాడు. దేవుడు ప్రార్థన విన్నాడు, 15 సంవత్సరాలు ఆయుష్షు పొడిగించాడు. అంతటి వాగ్దానం దొరికిన తర్వాత కూడా యెషయా ప్రవక్త ఏం చెప్పాడు? అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద కట్టమన్నాడు. ఆ రోజుల్లో అది వైద్యం. "దేవుడు మాట ఇచ్చాక ముద్ద ఎందుకు" అని ఎవరూ అనలేదు. పౌలు పక్కన చివరి దాకా ఉన్న లూకాను 'ప్రియుడైన వైద్యుడు' అనే పిలిచారు, వైద్యం మానేసిన లూకా అనలేదు. తిమోతికి కడుపు జబ్బు వస్తే పౌలు విశ్వాసం పెంచుకోమని ఉత్తరం రాయలేదు, ద్రాక్షారసం కొంచెం పుచ్చుకోమన్నాడు. రోగులకు వైద్యుడు కావాలన్న మాట యేసు ప్రభువు నోటి నుంచే వచ్చింది.

మన తెలుగు సంఘాల చరిత్ర చూసినా అంతే. మా గుంటూరుకు 1883లో అన్నా కుగ్లర్ అనే మిషనరీ డాక్టరమ్మ వచ్చింది. 1898లో ఆడవాళ్లకూ పిల్లలకూ ఆసుపత్రి తెరిచింది. మా అమ్మమ్మ పుట్టింది ఆ ఆసుపత్రిలోనే. సువార్త మన ఊళ్లకు వచ్చినప్పుడు ఒక చేతిలో బైబిలూ ఇంకో చేతిలో మందుల పెట్టె పట్టుకుని వచ్చింది. ఆ రెండిట్లో ఒకటి పారేయమనే బోధ తర్వాత వచ్చింది.

మానసిక వైద్యం విషయంలోనూ ఇదే. మెథడిస్టు మిషనరీ స్టాన్లీ జోన్స్ పేరు మీ పాస్టర్ గారు వినే ఉంటారు. 1907లో మన దేశం వచ్చాడు. తొలి సంవత్సరాల్లో పని ఒత్తిడికి ఆయన మనసు చితికిపోయింది, ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. లక్నోలో ఒక ప్రార్థనా సమయంలో తనకు స్వస్థత దొరికిందని ఆయనే చెప్పుకున్నాడు. అంటే ప్రార్థనతో బాగుపడిన మనిషి. ఆ మనిషి తర్వాత ఏం చేశాడో చూడు. 1950లో అదే లక్నోలో నూర్ మంజిల్ అనే మానసిక వైద్య కేంద్రం పెట్టించాడు. తను పొందిన స్వస్థతను సాకుగా చూపి ఎవరినీ మందు మానమనలేదు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల వాళ్లు 1957లో బాగాయంలో మానసిక వైద్య కేంద్రం మొదలుపెట్టారు. అక్కడ రోగితోపాటు ఇంటి మనిషి కూడా ఉండి జబ్బు గురించి నేర్చుకోవాలన్న పద్ధతి ఉంది. మన వైపు నుంచి ఎంతమంది ఆ రైలెక్కి వెళ్లారో! వెల్లూరు వెళ్లి గుండె ఆపరేషన్ చేయించుకుంటే దేవుని కృప అంటాం. అదే వెల్లూరులో మనసుకు మందు రాయించుకుంటే అవిశ్వాసం ఎలా అవుతుంది?

"అది జబ్బు కాదు, దురాత్మ" అన్న మాట కూడా మీ ఇంట్లో వినపడిందని రాశావు. నేను ఆత్మలు లేవని వాదించడానికి రాలేదు, నేనూ అదే బైబిలు చదువుతాను. మత్తయి 4వ అధ్యాయం 24వ వచనం తీసి చూడు. ప్రభువు దగ్గరికి తెచ్చినవారిలో దయ్యం పట్టినవారు, చాంద్రరోగులు, పక్షవాయువు గలవారు అని వేరువేరుగా రాసి ఉంది. చాంద్రరోగమంటే మూర్ఛ. రెండు వేల ఏళ్ల కింద రాసిన మనిషికి కూడా అన్నీ ఒకటి కాదని తెలుసు. మీ తమ్ముడి విషయంలో నాకు కనిపించేది ఇదీ: ఒక లవణం ఒంట్లో సరైన మోతాదులో ఉన్నంతకాలం ఏడాదిన్నర నెమ్మదిగా ఉన్నాడు. ఆ నెమ్మదిని దేవుడిచ్చిన జవాబుగా తీసుకోవడానికి అడ్డేమిటి?

ఏ పేరు పెట్టి పిలిచినా సరే, కొట్టడం, కట్టేయడం, అన్నం పెట్టకపోవడం, కళ్లలో కారం లాంటివి జరిగితే మాత్రం అక్కడ ఒక్క నిమిషం ఉంచవద్దు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది. మానసిక జబ్బు ఉన్న మనిషిని గొలుసులతో కట్టడాన్ని అది నిషేధించింది. 2001 ఆగస్టు 6న తమిళనాడులో ఎర్వాడి అనే చోట గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది నిప్పంటుకుని పారిపోలేక చనిపోయారు. అది దర్గా ఊరు, మనకేం సంబంధం అనవద్దు. ప్రార్థనకని తీసుకెళ్తే మణికట్టు మీద గొలుసు మచ్చలతో తిరిగొచ్చిన క్రైస్తవ పిల్లలకు నేనే కట్లు కట్టాను.

ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి. నీ తమ్ముడి జబ్బుకు రెండో ముఖం కూడా ఉంది. ఉన్మాదం దిగాక కుంగుబాటు వస్తుంది, అప్పుడు ఇది నీకు పనికొస్తుంది.

నాన్న మిషన్ స్కూల్లో హెడ్మాస్టరు. మా బాబాయి పోయిన తర్వాత మెల్లగా మాట తగ్గింది. తెల్లవారుజామున మూడింటికి లేచి వరండాలో కూర్చునేవారు. బైబిలు ఒళ్లో ఉండేది, పేజీ తిరిగేది కాదు. ఆ రోజుల్లో ఊరికి వచ్చిన ఒక ప్రసంగీకుడు ఆయన తల మీద చెయ్యి పెట్టి, "ఒప్పుకోని పాపమేదో ఉంది, అది బయటపెట్టేవరకు నీకు విడుదల లేదు" అన్నాడు. అప్పట్నుంచి ఎనిమిది నెలలు మా నాన్న పాపం కోసం వెతుక్కున్నారు. చిన్నప్పుడు పక్కింటి దొడ్లో జామకాయ కోసుకున్నానని ఆ ఇంటివాళ్ల మనవడి దగ్గరికి వెళ్లి చేతులు జోడించారు. స్కూలు చాక్‌పీసు ఇంటికి తెచ్చానని ఏడ్చారు. నేనప్పుడు నర్సింగ్ చదువుతున్నాను. సెలవుల్లో వచ్చి చూసి, మా మేడమ్‌ని అడిగి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. మందు మొదలుపెట్టిన మూడో వారం ఒక పొద్దున, "కాఫీలో పంచదార తక్కువైందే" అన్నారు. అమ్మ వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది. నెలల తర్వాత ఆయనకు రుచి తెలిసిన మొదటి రోజది.

నేను తర్వాత వార్డులో నేర్చుకున్నదేమిటంటే, "దేవుడు నన్ను వదిలేశాడు", "నా పాపానికి క్షమాపణ లేదు" అనిపించడం చాలామందిలో కుంగుబాటుకు ఒక లక్షణం. జ్వరంలో నోరు చేదైనట్టు. చేదు అన్నంలో లేదు, నాలుక మీద ఉంది. భక్తి ఎక్కువ ఉన్నవారిలో ఈ లక్షణం ఇంకా పదునుగా వస్తుంది, ఎందుకంటే జబ్బు మనిషికి ఎక్కువ ఇష్టమైన చోటనే పట్టుకుంటుంది. అలాంటి మనిషికి "దేనినిగూర్చియు చింతపడకుడి" అని వాక్యం చెప్పి వెళ్లిపోతే, చింతపడటం కూడా ఒక పాపమైపోయి ఆయన లెక్కలో చేరుతుంది. 88వ కీర్తన చదివించు. కీర్తనలన్నీ చివరికి స్తుతిలోకి తిరుగుతాయనుకుంటాం, ఇది తిరగదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని అక్కడితో ఆగిపోతుంది. అది కూడా ప్రార్థనే అని పరిశుద్ధ గ్రంథంలో పెట్టారు. మా నాన్న బాగయ్యాక తన బైబిల్లో ఆ ఒక్క కీర్తన చుట్టూ పెన్సిలు గీత గీసుకున్నారు.

గొప్ప సేవకులకు ఇది రాదనే మాట కూడా నిజం కాదు. మన పాస్టర్లు ఎంతోమంది స్పర్జన్ ప్రసంగాలు వాడుకుంటారు. 1856 అక్టోబరులో లండన్‌లో ఆయన ప్రసంగిస్తున్న హాల్లో ఎవరో 'మంటలు' అని అరిస్తే తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. అప్పటికి ఆయనకు 22 ఏళ్లు. ఆ దెబ్బతో మంచం పట్టాడు. కుంగుబాటు జీవితాంతం వస్తూ పోతూ ఉండేది, ఆ సంగతి తన విద్యార్థులకు దాచకుండా చెప్పేవాడు. విలియం కౌపర్ రాసిన కీర్తనలు ఈనాటికీ ప్రపంచమంతా పాడుతున్నారు. ఆయన పలుమార్లు ప్రాణం తీసుకోబోయాడు. 1773లో బాగా చెడినప్పుడు ఆయన పాస్టరు జాన్ న్యూటన్ తన ఇంట్లోనే ఏడాదికి పైగా ఉంచుకుని చూసుకున్నాడు. నాకు న్యూటన్ గురించి అన్నిటికంటే నచ్చిన విషయం ఇదే. ఏడాదికి పైగా భోజనం పెట్టాడు, పక్కన కూర్చున్నాడు.

ఇప్పుడు అమ్మతో, పాస్టర్ గారితో ఎలా మాట్లాడాలి? ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఇందాక చెప్పిన అబ్బాయి వాళ్లమ్మ ఆ ప్రశ్న అడిగినప్పుడు నేను అలసిపోయి ఉన్నాను, కోపంగా ఉన్నాను. "ఆ పాస్టర్ని ఎందుకు నమ్మారు? ఆయన్నే వచ్చి వైద్యం చేయమనండి" అన్నాను. రెండో రోజు పొద్దున ఆమె సంతకం పెట్టి కొడుకును తీసుకెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఆ తల్లికి కష్టంలో అన్నం తెచ్చిపెట్టినవాళ్లు, ఆసుపత్రికి ఆటో మాట్లాడినవాళ్లు ఆ సంఘం వాళ్లే. నేను ఆమెను సంఘమా వైద్యమా అని ఎంచుకోమన్నాను, ఆమె సంఘాన్ని ఎంచుకుంది. ఆ తర్వాత ఎన్నడూ ఏ తల్లినీ నేను ఆ మాట అడగలేదు. నువ్వు కూడా అడగవద్దు.

అమ్మతో వాదం పెట్టుకోకు. పాస్టర్ గారిని తప్పుపట్టకుండా, "వాడు ఉపవాస ప్రార్థనకు వెళ్లాలమ్మా, నేనూ వస్తాను, ఎలా వెళ్లాలో డాక్టర్ గారిని అడుగుదాం" అను. అమ్మ మనసులో ఇంకో ముల్లు ఉంటుంది, నా అనుభవంలో ప్రతి తల్లికీ ఉంటుంది: నేను ఏ పాపం చేస్తే వీడికిలా అయింది అని. యోహాను సువార్త 9వ అధ్యాయంలో ఒక పుట్టు గుడ్డివాణ్ని చూసి శిష్యులు ఇదే ప్రశ్న అడిగారు, వీడు పాపం చేశాడా వీని కన్నవారు చేశారా అని. ఇద్దరూ కాదని ప్రభువు చెప్పాడు. ఒక రాత్రి అమ్మ పక్కన కూర్చుని ఆ అధ్యాయం చదువు, వ్యాఖ్యానం ఏమీ చేయకు.

పాస్టర్ గారి దగ్గరికి ఒంటరిగా వెళ్లకు, సంఘంలో నెమ్మదస్తుడైన పెద్ద ఎవరినైనా వెంట తీసుకెళ్లు. వీలైతే డాక్టర్ గారితో ఒక కాగితం రాయించుకో, మందు ఆపకూడదని, నీళ్లూ ఉప్పూ నిద్రా తగ్గకూడదని రెండు వాక్యాలు చాలు. చాలామంది పాస్టర్లు మొండివాళ్లు కారు, లిథియం సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే. షుగర్ ఇంజక్షన్ తీసుకునే విశ్వాసిని ఆయన ఇన్సులిన్ మానమంటారా అని మర్యాదగా అడుగు. ఇంకో మాట కూడా చెప్పు. ఈ 21 రోజులు దానియేలు పదో అధ్యాయం నుంచి వచ్చినవే. అక్కడ దానియేలు మూడు వారాలు మాంసం, ద్రాక్షారసం, రుచికరమైన భోజనం మానుకున్నాడని ఉంది, అన్నమూ నీళ్లూ మొత్తం మానేశాడని లేదు. మీ తమ్ముడు కూడా 21 రోజులు మాంసం మానుకోవచ్చు, ఫోన్ పక్కన పెట్టవచ్చు. మూడు పూటలా ఉప్పుతో మామూలు భోజనం చేసి, మంచినీళ్లు బాగా తాగి, సాయంత్రం కూటానికి వెళ్లి, రాత్రి ఇంటికి వచ్చి వేళకు మాత్ర వేసుకుని పడుకోవాలి. రాత్రంతా ప్రార్థనకు మాత్రం వద్దు, తెల్లవారుజాము ప్రార్థనకూ వద్దు. "తన ప్రియులు నిద్రించుచుండగా ఆయన వారికిచ్చుచున్నాడు" అని 127వ కీర్తనలో ఉందని చెప్పు. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద కూర్చుని నా ప్రాణం తీసుకో అన్నప్పుడు దేవదూత మొదట ప్రసంగం చేయలేదు. నిప్పుల మీద కాల్చిన అప్పం, బుడ్డిలో నీళ్లు పెట్టి లేపాడు. తిని పడుకుంటే మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. దేవుడు మాట్లాడింది ఆ తర్వాత.

ఇన్ని చెప్పినా ఆయన ఒప్పుకోకపోతే? అప్పుడు మీ తమ్ముడు ఆ 21 రోజులు ఇంట్లోనే ప్రార్థించుకుంటాడు. అది నువ్వు నిలబడి చెప్పాల్సిన చోటు, అక్కడ మెత్తబడవద్దు.

సాక్ష్యం గురించి తమ్ముడితో విడిగా మాట్లాడు. 24 ఏళ్ల కుర్రాడికి అందరిలో నిలబడి "నేను స్వస్థపడ్డాను" అనాలని ఉండటం సహజం. రెండేళ్లుగా వాణ్ని అందరూ జాలిగా చూస్తున్నారు కదా. కానీ ఒకసారి స్టేజీ మీద అలా చెప్పిన తర్వాత జబ్బు తిరగబెడితే ఎవరికీ చెప్పలేక దాచుకుంటారు. అలా దాచుకుని చివరి క్షణంలో మా దగ్గరికి వచ్చినవాళ్లు ఎక్కువమంది. "ఏడాదిన్నరగా ప్రభువు నన్ను మందులతో, అక్కతో, అమ్మతో నిలబెట్టాడు" అని చెప్పడం కూడా సాక్ష్యమే. మన గుళ్లో షుగరు, కాన్సరు, కిడ్నీ అని ప్రార్థన చీటీల మీద రాస్తారు. బైపోలార్ అని రాసిన చీటీ నేను ఒక్కటి కూడా చూడలేదు. అతను ఆ మాట చెబితే, వెనక బెంచీలో ఇదే జబ్బు దాచుకుని కూర్చున్న ఇంకొకరికి ఊపిరి వస్తుంది. బలవంతం మాత్రం చేయవద్దు, చెప్పాలో వద్దో అతని ఇష్టం.

మందు జీవితాంతం వాడాలా అని కూడా అడిగావు. చాలామంది ఏళ్ల తరబడి వాడాలి. కొందరికి డాక్టరే మెల్లగా తగ్గించి చూడవచ్చు. ఆరు నెలలకోసారి రక్తంలో లిథియం ఎంతుందో, మూత్రపిండాలు ఎలా ఉన్నాయో చూసే క్రియాటినిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. దాహం, చేతుల్లో సన్నని వణుకు, బరువు పెరగడం లాంటివి అతనికి ఉండి ఉంటాయి, మాత్ర మానాలనిపించడానికి అవి కూడా కారణమేమో అడుగు. భక్తి పేరు మీద బయటపడే కోరిక వెనక ఇలాంటి మామూలు ఇబ్బంది ఉండటం నేను చాలాసార్లు చూశాను, దానికి డాక్టర్ దగ్గర దారి ఉంటుంది.

ఒకవేళ నువ్వు ఇది చదివేసరికే మాత్రలు ఆపేసి ఉంటే, మీ అంతట మీరు పాత మోతాదు మళ్లీ మొదలుపెట్టకండి, ఈ రోజే డాక్టర్‌కి ఫోన్ చేసి ఎన్ని రోజులైందో చెప్పండి. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ నీ దగ్గర లేదా అమ్మ దగ్గర ఉంచండి. చావు మాట ఎత్తితే, అది ఎంత మామూలుగా అన్నా సరే, అతన్ని ఒంటరిగా వదలకుండా దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లండి, అవసరమైతే 108కి ఫోన్ చేయండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన టెలీమానస్ ఫోన్ నంబరు 14416, డబ్బు తీసుకోరు, రాత్రి పగలు ఎప్పుడైనా తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు నువ్వు కూడా వాడుకోవచ్చు. రెండేళ్లుగా అతని నిద్ర కాపలా కాస్తున్నదానివి, నీకూ ఎవరో ఒకరు ఉండాలి.

ఈ రాత్రి నుంచి ఒక చిన్న నోటు పుస్తకంలో తమ్ముడు ఎన్నింటికి పడుకున్నాడో, ఎన్నింటికి లేచాడో రాసి పెట్టు. వరుసగా రెండు రాత్రులు ఐదు గంటల కంటే తగ్గితే డాక్టర్‌కి చెప్పు. నాకూ ఇక్కడే రాయి, చూస్తూ ఉంటాను. అతని పేరు నాకు తెలియదు, చెప్పనక్కర్లేదు. వేళకు మాత్ర, ఏడు గంటల నిద్ర ఇవ్వమని ఈ 21 రోజులూ రాత్రి ప్రార్థనలో అతని కోసం అడుగుతాను.